ఉత్తదే, ఎరికే

రోజు 1

పరంజ్యోతి మేడం ఈ పుస్తకం నా చేతిలో పెట్టి, "రోజూ రాయి. జరిగింది రాయి. నీకు అనిపించింది రాయకు. నెలాఖరుకు నేను చదువుతాను" అన్నారు. అప్పుడు నాకేమనిపించిందో అందుకే రాయడం లేదు.

నా పేరు రజిత. పంతొమ్మిదేళ్లు. ఈ రోజు నుంచి భూమి కింద మూడో లెవల్‌లోని మందుల గదిలో శిక్షణ.

పొద్దుటి సైరన్ మొదటి కూతకు ముందే వచ్చి గాలి మీటరు చూడాలి. ముల్లు పచ్చ గీత మీద ఉంటేనే పొయ్యి వెలిగించాలి. కూత అయ్యాక పై పొలాలకు వెళ్లేవాళ్లు లిఫ్ట్ దగ్గర వరస కడతారు, ఎండ ముదరక ముందే మళ్లీ దిగిపోతారు. వాళ్లు దిగేలోగా రెండు వందల బిళ్ళలు నొక్కి ఉంచాలి. జొన్నపిండి జల్లించి, గంజి జిగురు కలిపి, బీట్‌రూట్ రసం పోసి, ఇత్తడి అచ్చులో నొక్కితే ఎర్ర బిళ్ళ. అందులో ఇంకేమీ ఉండదు. దాన్ని ఉత్త బిళ్ళ అంటాం.

తెల్ల బిళ్ళలు వేరు. అవి అసలు మందు. వాటి ముడిసరుకు మూడు నెలలకొకసారి బండిలో వస్తుంది, అదీ వస్తే. మా లెవల్‌లో పదకొండు మందికే తెల్లవి. మూర్ఛ ఉన్నవాళ్లకు, షుగర్ వాళ్లకు, గుండె వాళ్లకు. వారానికి సరిపడా పొట్లం కట్టి పేరు రాసి కిటికీ దగ్గర ఇస్తాం. ఎవరైనా పొట్లానికి రాకపోతే మరునాడు వాళ్లింటికే వెళ్లి కనుక్కోవాలి. మిగతా నొప్పులకూ, నిద్ర పట్టకపోవడానికీ, కడుపులో తిప్పడానికీ ఎర్రవే.

ఎర్ర బిళ్ళ ఇచ్చేటప్పుడు గోడ మీద పెయింటుతో రాసి ఉన్న మూడు వాక్యాలు చెప్పాలి.

ఇది ఉత్త బిళ్ళ, ఇందులో మందు లేదు.
ఇది వేసుకున్న చాలామందికి బాధ తగ్గింది.
తగ్గకపోతే రేపే రావాలి.

మొదటి వాక్యం విన్నట్టు రోగి తిరిగి చెప్పాలి. "ఉత్తదే, ఎరికే", అంటే ఉత్తదేనని తెలుసని చెబితే చాలు. ఆ మాట వినేదాకా బిళ్ళ మన వేళ్లలోంచి వదలకూడదు.

"అంతా చెప్పేసినంక ఇగ ఎట్ల తగ్గుతది మేడం?" అని అడిగాను.

"వాళ్ల ముందు కూర్చుంటావు. ఎక్కడ నొప్పో అడుగుతావు. వేళకు వేసుకోమంటావు. ఒంటికి అది కొంత మందే. ఎంతో నాకు తెలీదు. అందరికీ కాదు, అన్ని జబ్బులకూ కాదు."

పన్నెండు మంది వచ్చారు. ఐదుగురు నిన్నటికంటే నయమన్నారు.

రోజు 4

కొమురవ్వ అనే ఆమె వచ్చింది. కింది లెవల్‌లో ఊరే నీటిని తోడే చక్రం దగ్గర పని. ముప్పై ఏళ్లుగా తిప్పుతోందట. కుడి భుజం ఎనిమిదేళ్లుగా నొప్పి. చెయ్యి ఛాతీ దాటి లేవదు. ఎముకలో, నరంలో చెడ్డదేమీ లేదని మేడం మూడుసార్లు చూశారు.

మూడు వాక్యాలు చెప్పాను.

"ఉత్తదే, ఎరికే" అంది. "ఎనిమిదేండ్ల సంది ఎరికే. ఎరికై ఎరికై యాష్టకొచ్చింది బిడ్డా."

వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదు.

రోజు 9

లైబ్రరీలో ఒక నిఘంటువు దొరికింది. ముందు పేజీలు లేవు, 'చ'తో మొదలవుతుంది. బిళ్ళలు ఆరేలోగా చదువుతున్నాను. ఇవాళ 'చేవ' దగ్గర ఆగిపోయాను. చెట్టు నడిమి గట్టితనం. ఇన్నాళ్లూ ఈ మాట లేకుండా ఎలా బతికానో! (ఇది అనిపించింది. కొట్టేయాలి. కొట్టేయడం లేదు.)

మేడంతో అన్నాను, గోడ మీది మొదటి వాక్యం బాగాలేదని. అన్నంలో రాయిలా పంటికి తగులుతోందని. ఇంకోలా రాయవచ్చు కదా అని.

"అది బాగుండాల్సిన వాక్యం కాదు రజితా. లిఫ్ట్ గొయ్యి అంచున కడ్డీ కట్టి ఉంటుంది చూడు, అలాంటిది. కాలికి తగలడమే దాని పని."

రోజు 10

తెల్ల పొట్లాలు పదకొండు, పదకొండూ ఇచ్చాను.

చివర్న ఓదెలు వచ్చాడు. కొమురవ్వ తమ్ముడు. లిఫ్ట్ నడిపేది ఇతనే. చిన్నప్పటి నుంచీ మూర్ఛ ఉంది. తెల్ల బిళ్ళలు మొదలుపెట్టాక ఆరేళ్లుగా రాలేదు కాబట్టి, అవి మానకుండా వేసుకోవాలన్న షరతు మీద కమిటీ అతనికి లిఫ్ట్ అప్పగించింది. చిగుళ్లు వాచి ఉన్నాయి, కళ్లు మగతగా ఉన్నాయి. ఈ మందుకు అలా అవుతుందని మేడం చెప్పారు.

"ఏం పిల్లా, కొత్తగొచ్చినవా? పైకి ఎన్నడన్న పొయ్యినవా?"

"చిన్నప్పుడు ఒక్కసారి పోయిన అన్నా."

"నేను రోజు పోత. పొద్దు పొడిశేది అందరికంటె ముందుగల్ల నేనే సూత్త. లిఫ్ట్ మిషన్ పైన్నే గద." పొట్లం జేబులో పెట్టుకుంటూ ఆవులించాడు. "ఇగో, గీ ఆవులింతలొక్కటే లేకుంటెనా, నేను ఈ మూడో లెవల్‌కు రాజునే."

కొమురవ్వ చెయ్యి లేవదు కాబట్టి రోజూ డ్యూటీకి పోయే ముందు ఆమె తల దువ్వి కొప్పు వేసేది ఇతనే. అది ఆమె చెప్పింది. అతనైతే ఎవరికీ చెప్పుకోడు.

రోజు 17

మేడం ఐదో లెవల్‌కు కాన్పు కోసం వెళ్లారు. గది నాకు అప్పగించారు. తెల్ల పొట్లాలు పదకొండు. ఎర్రవి తొమ్మిది మందికి. కొమురవ్వకు పది బిళ్ళలు. మూడు వాక్యాలు చెప్పాను. తిరిగి చెప్పింది.

రోజు 18

నిన్న రాసినది నిజం కాదు. నెలాఖరులోగా ఈ పేజీ చింపేస్తాను కాబట్టి ఇక్కడ ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

నిన్న కొమురవ్వ చివర్న వచ్చింది. గదిలో ఇంకెవరూ లేరు. ఎడమ చేత్తో కుడి చేతిని మోసుకుంటూ వచ్చి కూర్చుంది. నేను బిళ్ళ తీసి, "అవ్వా, ఇది ఉత్త..." అన్నాను. ఆమె ముఖం అప్పుడే వాడిపోయింది. ఆ వాక్యం నా నోట్లో ఆగిపోయింది. దాని స్థానంలో, రెండు రోజులుగా నాలో తిరుగుతున్న వాక్యం బయటికి వచ్చింది.

"అవ్వా, ఇది వాన వేరు బిళ్ళ. పైన ఏడాదికి ఒక్కనాడు వాన పడ్డప్పుడు, మన్ను ఆరకముందే తవ్విన వేరు. దాని చేవ నీ బుజంల దిగుతది. ఎనిమిదేండ్ల సంది ఆడ కూసున్న నొప్పిని చెయ్యి పట్టి లేపుతది."

కొమురవ్వ ముందుకు వంగింది.

"ఏదీ, మల్ల చెప్పు."

మళ్లీ చెప్పాను. ఈసారి ఇంకా బాగా చెప్పాను.

"ఇప్పుడు నువ్వు తిరిగి చెప్పవ్వా" అన్నాను. తిరిగి చెప్పించడం అలవాటైపోయింది కదా.

"వాన వేరు" అంది నెమ్మదిగా. "చెయ్యి పట్టి లేపుతది."

బిళ్ళను దీపం దగ్గరగా పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. బీట్‌రూట్ రంగు ఆమె వేళ్లకు అంటింది.

రోజు 20

కొమురవ్వ తన కొప్పు తనే వేసుకుని వచ్చింది!

కిటికీ ముందు నిలబడి కుడి చెయ్యి పైకి లేపింది. ఛాతీ దాటింది, గడ్డం దాటింది, చెవి దాటింది. గది పైకప్పుకు వేసిన ఇనుప దూలాన్ని ముట్టింది. వరసలో ఉన్నవాళ్లు నోళ్లు తెరుచుకుని చూశారు. "ఈ పిల్ల చేతుల ఏదో ఉన్నది" అంది ఆమె, అందరికీ వినబడేలా. ఇంకో ఇరవై బిళ్ళలు అడిగి తీసుకుంది.

ఐదో లెవల్ నుంచి మేడం తిరిగి వచ్చారు. విని సంతోషించారు. తర్వాత, "ఎనిమిదేళ్ల తర్వాతా?" అన్నారు. "అవును మేడం" అన్నాను. నా వైపు కొంచెం ఎక్కువసేపు చూశారు.

రోజు 22

బాలింతను చూడటానికి మేడం రోజూ మధ్యాహ్నం రెండు గంటలు ఐదో లెవల్‌కు వెళ్తున్నారు. ఆ రెండు గంటలూ కిటికీ నాది. ఆ రెండు గంటల్లోనే జనం వస్తున్నారు. "కొమురవ్వకు ఇచ్చిందే ఇయ్యి" అంటున్నారు.

మొదటి ఇద్దరికీ గోడ మీది వాక్యమే చెప్పాను. వాళ్లు నమ్మలేదు. "మాకు దాసవెట్టి ఆమెకు ఇత్తవా?" అని పోట్లాడారు. మూడో ఆయన నాంపల్లి తాత, నిద్ర పట్టక వచ్చాడు. ఆయనకు వాన వేరు చెప్పాను. నిద్రకు తగినట్టు మార్చి చెప్పాను. కొంచెమే ఉంది, ఎవరికీ చెప్పకు అని కూడా అన్నాను.

ఇవాళ్టికి ఆరుగురు. ఒక్కొక్కరికి ఒక్కో వాక్యం. చెబుతుంటే వాళ్ల ముఖాలు విప్పారడం చూశాను. నిఘంటువులో 'ప'కు వచ్చాను.

రోజు 24

తెల్ల పొట్లాలు పది ఇచ్చాను. ఓదెలు రాలేదు.

రోజు 25

ఓదెలు ఇంటికి వెళ్లాలి. మధ్యాహ్నం వెళ్దామనుకుంటే వరస ఉంది. పదకొండు మంది. రేపు వెళ్తాను.

రోజు 30

ఇవాళ పుస్తకం మేడంకి ఇచ్చి, తిరిగి తీసుకున్నాక ఇది రాస్తున్నాను. ఇచ్చే ముందు, రోజు 18 నుంచి రోజు 25 దాకా ఉన్న రెండు కాగితాలూ చింపబోయాను. చింపితే కుట్టు దగ్గర తెలిసిపోతుంది. అందుకని అంచులకు గంజి జిగురు రాసి, ఒకదానికొకటి అతికించి, ఇత్తడి అచ్చు బరువు పెట్టాను. బిళ్ళకు వాడే జిగురే.

మేడం పుస్తకం తీసుకున్నారు, సాయంత్రం తిరిగి ఇచ్చారు. ఏమీ అనలేదు.

రోజు 31

ఓదెలు పొట్లానికి ఈ వారమూ రాలేదు. దారిలో కనిపించాడు. ముఖం తేటగా ఉంది, చిగుళ్ల వాపు తగ్గింది, ఈల వేస్తున్నాడు.

"అన్నా, పొట్లం?"

"ఇంట్ల ఉన్నయి పిల్లా, ఇంక ఒడువలే."

ఒక వారం పొట్లం రెండు వారాలు ఎలా అయిపోకుండా ఉంటుందని నేను అడగలేదు. 'ఇంట్లో ఉన్నాయట' అని రిజిస్టరులో రాశాను.

రోజు 38

ఇవాళ మొదటి కూత తర్వాత లిఫ్ట్ పడింది.

లిఫ్ట్ తొట్టిలో తొమ్మిది మంది ఉన్నారు. సగం దూరం పైకి వెళ్లాక మిషన్ దగ్గర ఓదెలుకు మూర్ఛ వచ్చింది. బ్రేకు మీది చెయ్యి జారింది. తొట్టి కిందికి జారుతుంటే, తెలివి పూర్తిగా పోకముందు అతను ఇనుప తాడును అరచేతులతో పట్టుకోబోయాడట. రెండు అరచేతులూ ఒలిచిపోయాయి. ముప్పై అడుగులు జారాక గోడ కొక్కేలు తొట్టిని పట్టుకున్నాయి. ఒకామెకు మెడ కింది ఎముక విరిగింది. తక్కినవాళ్లకు దెబ్బలు. ఎవరూ చనిపోలేదు. ఈ వాక్యం రాసి చాలాసేపు దాన్నే చూశాను.

ఓదెలును మెట్ల దారిన మందుల గదికి మోసుకొచ్చారు. మేడం సూది వేశారు. "తెల్ల బిళ్ళలు వేసుకుంటున్నాడా?" అని అడిగారు. నేను రిజిస్టరు చూపించాను.

అప్పుడు కొమురవ్వ పరుగెత్తుకుంటూ వచ్చింది. తమ్ముడి తల ఒళ్లో పెట్టుకుంది. కొంగు ముడి విప్పి ఎర్ర బిళ్ళ తీసి అతని పెదవుల మధ్య పెట్టబోయింది.

"గీ వాన వేరు బిళ్ళ ఇంకోటి ఏత్తే లేత్తడు మేడం. పద్నాలుగు దినాలాయె, ఇదే ఏత్తాన. గా తెల్లయి బంద్ జేయించిన. నా బుజాన్నే లేపింది, వీని తలకాయను బాగు జెయ్యదా?"

మేడం ఆ చేతిని పట్టుకుని ఆపారు. "ఏం బిళ్ళ అన్నావు?"

"వాన వేరు. మీ రజితమ్మ ఇచ్చింది."

మేడం నా వైపు తిరిగారు. అప్పుడు నేనన్న మాట ఇది: "వాళ్ళే పెట్టుకున్న పేరు మేడం. నేను మూడు వాక్యాలూ చెప్పిన."

కొమురవ్వ నన్ను చూసింది. "నువ్వే చెప్పినవ్ గద బిడ్డా? వాన పడ్డనాడు తవ్విన వేరని?"

"ఉత్త బిళ్ళ అనే చెప్పిన అవ్వా. నువ్వు తిరిగి చెప్పినవ్ గూడ."

ఆమె నోరు కొంచెం తెరుచుకుంది. కుడి చేత్తో నుదురు పట్టుకుంది. ఆ చెయ్యి అప్పటికింకా బాగానే లేస్తోంది.

"అయితే నేనే మర్శిపోయిన్నేమో" అంది. "ముసల్దాన్ని. నా తమ్మునికి నేనే జేసిన్నా?"

నేను గుడ్డ తడిపి తేవడానికి పక్కకు వెళ్లాను.

రోజు 39

ఓదెలు లేచాడు. నాలుక కరుచుకున్నాడు కాబట్టి మాట సరిగా రావడం లేదు. కమిటీ వాళ్లు వచ్చి, ఇక లిఫ్ట్ ఇవ్వలేమని చెప్పారు. అతను కట్లు కట్టిన చేతులను ఒళ్లో పెట్టుకుని విన్నాడు. "అక్కను ఏమనకుండ్రి" అన్నాడు. అదొక్కటే అన్నాడు.

కొమురవ్వ చక్రం దగ్గరికి పోలేదు. తన మతి పోయిందని అందరితో చెబుతోంది. వాళ్లు ఓదారుస్తున్నారు. పేర్లు గుర్తున్నాయా అని ఒకరు పరీక్షిస్తే అన్నీ సరిగ్గా చెప్పి, చివర్న "గని ఆ పిల్ల చెప్పింది మర్శిపోయిన" అందట.

నేను బిళ్ళలు రెండు వందలు నొక్కాను.

రోజు 40

తడి గుడ్డ పెట్టి అతికించిన పేజీలను విప్పాను. రోజు 18 కింది మూలలో కొంత సిరా చెరిగింది, మిగతాది చదవవచ్చు. పుస్తకం మేడం ముందు పెట్టాను. నిలబడ్డాను.

ఆమె చదివారు. తిట్టలేదు. పుస్తకం మూసి, "కొమురవ్వను మతి తప్పినదానిలా తిరగనిచ్చావు, రెండు రోజులు" అన్నారు. లిఫ్ట్ గురించి కాదు, ముందు అదే అన్నారు.

"తప్పయింది మేడం."

"నువ్వు మాటలు బాగా కూర్చావు. అంత బాగా కూర్చకపోయి ఉంటే ఇంత జరిగేది కాదు."

నన్ను తీసేస్తారా అని అడిగాను. "అది తర్వాత" అన్నారు. "వాన వేరు ఎంతమందికి చెప్పావు?"

"పద్నాలుగు మందికి."

"పద్నాలుగు ఇళ్లకూ వెళ్లు. మొదటి వాక్యం చెప్పు. వాళ్లు తిరిగి చెప్పేదాకా గడప దిగకు."

పుస్తకం తిరిగి ఇచ్చే ముందు ఆమె కలం తీసుకుని ఇక్కడ ఈ కింది మాటలు రాశారు.

ముప్పయ్యో రోజే పేజీలు అతికించి ఉండటం చూశాను. ఆ జిగురు వాసన నాకు తెలుసు. తనే విప్పాలని ఎదురుచూశాను. విద్యార్థికి అది మంచి పాఠం అనుకున్నాను. ఎనిమిది రోజులకు లిఫ్ట్ పడింది. – పరంజ్యోతి

రోజు 41

ఇవాళ తొమ్మిది ఇళ్లు.

నాంపల్లి తాత మంచం మీద లేచి కూర్చుని అంతా విన్నాడు. "ఉత్తదే, ఎరికే. ఉత్తదైతేంది, నిద్రయితే పట్టింది గద. ఇంకో పది ఇయ్యి" అన్నాడు. నేను నవ్వబోయి ఆగిపోయాను.

రెండో ఇంటామె డబ్బాలో మిగిలిన బిళ్ళలను నా కాళ్ల దగ్గర గుమ్మరించింది. "చెప్పకుంటె ఏం బోయింది నీకు? నెలసరి నొప్పి లేకుంట ఈ ఒక్క నెల మంచిగ బతికిన. అదిగూడ గుంజుకపోను వచ్చినవా?" ఆమె చేత తిరిగి చెప్పించడానికి గంట పట్టింది. గడప మీదే కూర్చున్నాను. చివరికి ఆమె తలుపు వెనక నుంచి, ఏడుస్తూ, "ఉత్తదే" అంది. 'ఎరికే' అనలేదు. దాని కోసం ఇంకాసేపు కూర్చున్నాను. రూలు అనుకున్నాను. ఇన్నాళ్లూ ఆమెకు తెలియనే తెలియదు కదా, 'ఎరికే' అని ఎలా అంటుందని అర్థమై లేచి వచ్చేశాను.

ఒక ఇంట్లో నన్ను లోపలికి రానివ్వలేదు, కిటికీలోంచే తిరిగి చెప్పారు. మెడ కింద ఎముక విరిగినామె వాళ్ల కోడలు.

రోజు 42

నాలుగు ఇళ్లు. పదమూడు అయ్యాయి. కొమురవ్వ ఇల్లు మిగిలింది.

తలుపు తట్టాను. లోపల అక్కాతమ్ముళ్లిద్దరూ ఉన్నారు. బయటే నిలబడి మొత్తం చెప్పాను, వాన వేరు నేనే కల్పించానని, ఆమె ఏదీ మర్చిపోలేదని. తలుపు తెరుచుకోలేదు. లోపల ఓదెలు గొంతు ఏదో అంది. తర్వాత కొమురవ్వ గొంతు, నాతో కాదు, అతనితో: "పోనియ్యి. నిలవడనియ్యి."

సాయంత్రపు రెండో కూత దాకా నిలబడ్డాను.

రోజు 44

కొమురవ్వ చెయ్యి మళ్లీ లేవడం లేదని చక్రం దగ్గరి వాళ్లు చెప్పారు. నిజం తెలిసిన మరునాడే నొప్పి వచ్చిందట.

నన్ను తీసేయలేదు. మధ్యాహ్నం కిటికీ దగ్గర ఇప్పుడు మేడం కూడా కూర్చుంటున్నారు. వరస చిన్నదైంది. నిఘంటువును లైబ్రరీలో తిరిగి ఇచ్చాను. ఎక్కడ ఆపావని అక్కడివాళ్లు అడిగితే గుర్తులేదన్నాను. గుర్తుంది.

రోజు 47

కొమురవ్వ వచ్చింది.

జుట్టు విరబోసి ఉంది. ఆమె చెయ్యి లేవదు, ఓదెలు చేతులకు ఇంకా కట్లున్నాయి. ఐదుగురు వరసలో ఉన్నారు. ఆమెను చూసి జరిగి దారి ఇచ్చారు. మేడం లేచి వెనక్కి వెళ్లారు.

కిటికీ ముందు కూర్చుని, "నొత్తాంది" అంది.

ఎక్కడో అడిగాను. చూపించింది. ఎంత లేస్తుందో లేపమన్నాను. ఛాతీ దాకా లేచింది, అక్కడ వణికింది. ఎప్పుడు ఎక్కువగా ఉంటోందని అడిగాను. పొద్దున లేవగానే అంది. రాసుకున్నాను. ఎర్ర బిళ్ళ తీశాను.

"అవ్వా, ఇది ఉత్త బిళ్ళ, ఇందులో మందు లేదు."

ఆమె బిళ్ళను అవతలి వైపు నుంచి పట్టుకుంది. తిరిగి చెప్పలేదు. నేను వదల్లేదు.

"ముందుగల్ల నేనొకటి చెప్త" అంది. "నువ్వు తిరిగి చెప్పు."

"చెప్పవ్వా."

"ఓదెలు ఇగ లిఫ్ట్ నడపడు."

"ఓదెలు ఇగ లిఫ్ట్ నడపడు."

"పొద్దు పొడిశేది సూడడు."

"పొద్దు పొడిశేది సూడడు."

"కొమురవ్వ మర్శిపోలే."

నేను బిళ్ళ వైపు చూశాను. బిళ్ళ రంగు మా ఇద్దరి వేళ్లకూ అంటుతోంది. ఆమె ఆగింది.

"కొమురవ్వ మర్శిపోలే" అన్నాను.

"ఆళ్లకు ఇనవడలే."

వరస వైపు తిరిగాను. "కొమురవ్వ మర్శిపోలే. నేనే అబద్దమాడిన."

"ఎనుకది నేను చెప్పుమన్లే" అంది ఆమె. మళ్లీ తనే, "కానీ, ఉండనీ" అంది.

తర్వాత నా కళ్లలోకి చూస్తూ, "ఉత్తదే, ఎరికే" అంది. నేను బిళ్ళ వదిలాను. నీళ్లిచ్చాను. మింగింది. ఇది వేసుకున్న చాలామందికి బాధ తగ్గిందని, తగ్గకపోతే రేపే రావాలని చెప్పాను.

ఆమె లేవలేదు. ఎడమ చేత్తో నడుము దగ్గరి నుంచి దువ్వెన తీసి కిటికీ చెక్క మీద పెట్టింది. పీట మీదే అటు తిరిగి, నాకు వీపు పెట్టి కూర్చుంది.

నేను బయటికి వచ్చి ఆమె వెనక నిలబడి తల దువ్వాను. చిక్కులు చాలా ఉన్నాయి. కొప్పు వేయడం నాకు రాదు. రెండుసార్లు జారిపోయింది, మూడోసారి నిలిచింది.

రేపటి నుంచి మొదటి కూతకు ముందు, గాలి మీటరు చూశాక, వాళ్లింటికి వెళ్లాలి.